పది మంది కలిసి చదవాలంటే ఏ సైన్సు పుస్తకం పెట్టుకోవాలి?

మొన్న చిత్తూరు నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ల కాలనీలో పది మంది కలిసి నెలకొక సైన్సు పుస్తకం చదువుదామని అనుకున్నారట. "అన్నా, మొదట ఏది పెట్టుకోవాలో ఒక పేరు చెప్పు, రేపే తెప్పించేస్తాం" అన్నాడు. ఒక పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు మనస్కరించలేదు, ఎందుకంటే ఇక్కడ తిరుపతిలో ఖాదీ కాలనీలో ఒక డాబా మీద మేము నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాం, అందులో మొదటి ఏడాది దాదాపు మొత్తం మాకు సరిపడని పుస్తకాలతోనే గడిచిపోయింది. అవేమీ చెడ్డ పుస్తకాలు కావు. ఒక్కరే కూర్చుని చదువుకుంటే ఎంతో బాగుంటాయి, పది మంది మధ్యలో పెడితే మాత్రం నోరు విప్పేవాళ్లు ఉండరు. ఆ తేడా మాకు తెలిసొచ్చిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను, చిత్తూరు వాళ్లకే కాదు, ఇలాంటి ఆలోచన ఉన్న ఎవరికైనా పనికొస్తుందని.

మా గ్రూపులో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఇంటర్‌కి జువాలజీ చెప్పే మేడమ్, ఒక స్టాఫ్ నర్సు, చంద్రగిరి పక్కన మామిడి తోట ఉన్న రైతు, టైలరింగ్ షాపు నడిపే అక్క, ఆర్టీసీ కండక్టర్, ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఇంకో ముగ్గురు ఉన్నారు. సగం మంది ఇంగ్లిష్ పుస్తకం ఇబ్బంది లేకుండా చదువుతారు, మిగతా సగం తెలుగులోనే చదువుతారు. నెలలో రెండో ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే కూర్చుంటాం. మీ గ్రూపు కూడా కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉంటుందనుకుంటున్నాను. అందరూ పీహెచ్‌డీ చేసినవాళ్లయితే నా సలహా మీకు అక్కర్లేదు.

మేము మొదట పెట్టుకున్నది స్టీఫెన్ హాకింగ్ 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్'. 1988లో వచ్చింది, అందరూ పేరు విన్న పుస్తకం, పైగా సన్నగా ఉంటుంది. ఒక్కో సమీకరణం పెట్టిన కొద్దీ కొనేవాళ్లు సగానికి సగం తగ్గిపోతారని ఎవరో హెచ్చరిస్తే ఆయన E=mc² ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేశారు. సమీకరణాలు లేవు కదా, మనకేం భయమని మేము ధైర్యంగా మొదలుపెట్టాం. మొదటి నెల బాగానే జరిగింది, బ్లాక్ హోల్స్ దగ్గర పిల్లలు హుషారుగా మాట్లాడారు. సగం దాటి కాల్పనిక కాలం అనే మాట వచ్చాక ఒక్కొక్కరే రావడం మానేశారు. మూడో నెలలో ఐదుగురం మిగిలాం. తర్వాత బస్సులో కండక్టర్ గారు కనబడితే అడిగాను. "చదవతానే ఉండాను సార్, కానీ పేజీ తిప్పినాక ముందు పేజీలో ఏముందో గుర్తుండడం లేదు. అక్కడికొచ్చి ఏం మాట్లాడేది?" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. సమీకరణాలు తీసేసినంత మాత్రాన కష్టం పోదు, ఒక అధ్యాయం అర్థం కాకపోతే తర్వాతిది అర్థం కానట్టు గొలుసుకట్టుగా రాసిన పుస్తకం అది. నెలంతా పని చేసుకునే మనిషి మధ్యలో రెండు వారాలు చదవలేకపోతే ఇక పట్టుకోలేడు.

అప్పటి నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పుస్తకం ప్రతిపాదించినా, దాన్ని ప్రతిపాదించినవాళ్లు మధ్యలోని ఒక అధ్యాయం తెరిచి నాలుగు పేజీలు గట్టిగా చదవాలి, ఇంగ్లిష్ అయితే అక్కడికక్కడే తెలుగులో చెప్పాలి. మొదటి పేజీలు చదివితే లెక్క కాదు, మొదటి పేజీలు ఏ రచయితైనా ముచ్చటగానే రాస్తాడు. చదివాక "అర్థమైందా?" అని ఎవరినీ అడగం, మొహమాటానికి అందరూ అయిందనే అంటారు. ఎవరైనా ప్రశ్న వేశారా లేదా అన్నదే చూస్తాం, అందులోనూ గ్రూపులో అందరికన్నా తక్కువ చదువుకున్నవాళ్లు వేశారా అన్నది. మా దగ్గర టైలరింగ్ అక్క ప్రశ్న వేస్తే ఆ పుస్తకం ఖాయం. ఆవిడ టెన్త్‌తో చదువు ఆపేశారు, కానీ ఆవిడకు పట్టిన పుస్తకం ఏదీ మా గ్రూపులో మధ్యలో ఆగిపోలేదు.

ఈ పద్ధతిలో మొట్టమొదట నెగ్గింది ఆలివర్ సాక్స్ రాసిన 'ద మ్యాన్ హూ మిస్టుక్ హిజ్ వైఫ్ ఫర్ ఎ హ్యాట్'. నరాల డాక్టరు తన దగ్గరికి వచ్చిన రోగుల గురించి రాసిన 24 కథనాలు, 1985 నాటి పుస్తకం. దేనికది విడిగా చదువుకోవచ్చు, చాలావరకు కొద్ది పేజీల్లోనే అయిపోతాయి. మొదటి కథనంలో ఒక సంగీతం మాస్టారు ఉంటాడు, కళ్లు బాగానే కనబడతాయి, కానీ చూసిన వస్తువు ఏమిటో పోల్చుకోలేడు. గులాబీ చేతికిస్తే ఎర్రగా ముడతలు పడ్డ ఆకారం, దానికొక పచ్చటి గీత అని కొలతలతో సహా వర్ణిస్తాడు గానీ గులాబీ అని చెప్పలేడు, వాసన చూడమన్నాకే తెలుస్తుంది. చేతి తొడుగు చూపిస్తే ఐదు సంచులున్న ఏదో వస్తువని వర్ణిస్తాడు. జువాలజీ మేడమ్ ఇది చదివి ఆపగానే అక్క అడిగింది, "కళ్లు మూసుకోని తొడుక్కోమంటే తెలిసిపోద్దా మేడమ్? నేను గుడ్డను వేళ్లతో పట్టుకుంటే చూడకుండానే ఇది రుబియా, ఇది పాప్లిన్ అని చెప్తాను కదా, చూపు వేరే, చేయి వేరే పని చేస్తాయేమో." ఇక ఆ రోజు గంటన్నర దాని మీదే నడిచింది, చూపు నుంచి వచ్చే సమాచారం మెదడులో ఒకచోట, స్పర్శ నుంచి వచ్చేది ఇంకోచోట ఎలా చేరుతుందో మేడమ్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. వెళ్లేటప్పుడు కండక్టర్ గారు పుస్తకం అడిగి తీసుకున్నాడు.

మనస్తత్వం, మెదడు విషయాల్లో చాలామంది మొదట చెప్పే పేరు డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో', 2011లో వచ్చింది. దాన్ని సాక్స్‌తో పోలిస్తే గ్రూపుకు ఏది మేలంటే నేను సాక్స్ అనే అంటాను. కానెమన్ పుస్తకం లావు, అధ్యాయాలు చిన్నవే అయినా చెప్పిందే వేరువేరు ప్రయోగాలతో మళ్లీ చెబుతున్నట్టు ఉంటుంది. ఇంకో సంగతి, అందులో ప్రైమింగ్ గురించి, అంటే ముందు చూసిన మాటో బొమ్మో మనకు తెలియకుండానే తర్వాత మనం చేసేదాన్ని మార్చడం గురించి, చెప్పిన అధ్యాయంలోని కొన్ని ప్రయోగాలు తర్వాత వేరేవాళ్లు చేస్తే ఆ ఫలితాలు రాలేదు, అంత చిన్న ప్రయోగాలను తాను ఎక్కువగా నమ్మానని 2017లో కానెమన్ స్వయంగా ఒప్పుకున్నారు. ఇది ఆయన గొప్పతనమే. మీరు ఆ పుస్తకం పెట్టుకుంటే మాత్రం ఆ అధ్యాయం రోజున ఈ విషయం కూడా ముందుంచి మాట్లాడండి, సైన్సు తనను తాను ఎలా దిద్దుకుంటుందో చూపించడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ఆకాశం, విశ్వం గురించి చదవాలని అందరికీ ఉంటుంది, అందుకని ఈ కోవలో ఎంపిక కొంచెం వివరంగా చెబుతాను. హాకింగ్ సంగతి చెప్పాను కదా. కార్లో రోవెల్లి 'సెవెన్ బ్రీఫ్ లెసన్స్ ఆన్ ఫిజిక్స్' వంద పేజీలు కూడా ఉండదు, ఏడే పాఠాలు, చదువుతుంటే కవిత్వంలా ఉంటుంది. సన్నగా ఉందని దాన్ని మొదటి పుస్తకంగా పెట్టుకోవద్దు. అంత తక్కువ మాటల్లో క్వాంటమ్ దగ్గర్నుంచి కాలం స్వభావం దాకా చెప్పేశాడు కాబట్టి అందరూ ఆహా అంటారు, మాట్లాడటానికి మాత్రం పట్టు దొరకదు. మేము దాన్ని రెండు పెద్ద పుస్తకాల మధ్య ఒకే ఒక్క ఆదివారానికి పెట్టుకున్నాం, అంతవరకు హాయిగా ఉంది.

కార్ల్ సేగన్ 'కాస్మోస్' సంగతి వేరు. 1980 నాటిది, అదే పేరుతో వచ్చిన 13 భాగాల టీవీ ధారావాహికకు తోడుగా వచ్చిన పుస్తకం, కాబట్టి 13 అధ్యాయాలు, ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం నిలబడుతుంది. ఒకాయన కెప్లర్ జీవితం చదివి వస్తాడు, ఇంకొకరు అంగారకుడి గురించి చదివి వస్తారు, ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు. పాతబడలేదా అంటే, కొంత పాతబడింది. మన సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం ఉందని తేలింది 1995లో, విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని తెలిసింది 1998లో, ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేసింది 2006లో. ఇవేవీ అందులో ఉండవు. సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) ముఖం ఉన్న జపాన్ పీతల కథ ఒకటి, జాలర్లు అలాంటివాటిని తినకుండా నీళ్లలోకి వదిలేయడం వల్లే అవి పెరిగాయని, చాలా అందంగా చెబుతాడు, దాన్ని తర్వాత కొందరు జీవశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. మా డిగ్రీ పిల్లలకు మేము అప్పజెప్పిన పనే ఇది, ప్రతి అధ్యాయంలో ఏది మారిందో వెతికి పట్టుకురమ్మని. వాళ్లు పుస్తకాన్ని మాకన్నా శ్రద్ధగా చదవడం అప్పుడే మొదలైంది.

ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టిన కథ వస్తుంది. ఈజిప్టులో సైయీన్ అనే ఊళ్లో ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు పగలు ఉన్న రోజున మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు, అదే వేళకు ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో పడుతుంది, ఆ నీడ కోణం సుమారు 7 డిగ్రీలు, అంటే వృత్తంలో యాభయ్యో వంతు, కాబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత. చదివినప్పుడు అందరూ తల ఊపారు. అప్పుడు బ్యాంకు సార్ అన్నారు, మనకు కూడా నీడ పడని రోజు ఉంటుంది కదా అని. తిరుపతికి ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకోసారి. ఏప్రిల్ 26న డాబా మీద అందరం పోగయ్యాం. జానెడు పీవీసీ పైపు ముక్కను, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుతో సరిచూసి, సున్నం గీత మీద నిలబెట్టాం. పదకొండున్నరకు నీడ బెత్తెడు ఉంది. పన్నెండుకు వేలెడు. పన్నెండుంబావుకు ఇంకా ఐదు నిమిషాలుందనగా నీడ పైపు అంచులోకి వెళ్లి దాక్కుంది, పైపు బోలులోంచి ఎండ తిన్నగా దిగి నేల మీద గుండ్రటి వెలుగు రూపాయి బిళ్ల లాగా పడింది. అక్క వంగి ఆ వెలుగులో వేలు పెట్టి చూసింది.

అదే రోజు మా డిగ్రీ అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల చిన్నాన్న కొడుకుతో ఒక మీటరు కర్ర నిలబెట్టించి, అక్కడ నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలిపించాడు. ఆరున్నర సెంటీమీటర్లు వచ్చింది. అంటే కోణం మూడుముప్పావు డిగ్రీలకు కాస్త తక్కువ. మ్యాపు మీద తిరుపతికీ హైదరాబాద్‌కూ నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాల దూరం సుమారు 417 కిలోమీటర్లు. రోడ్డు దూరం వేసుకోకూడదు, మేము మొదట అదే వేసి తప్పు లెక్క తెచ్చుకున్నాం. లెక్క తేలేసరికి భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది, అసలు విలువ కూడా 40 వేలే. ఒక పైపు ముక్క, ఒక కర్ర, ఒక ఫోను. ఇంత జరగడానికి వీలున్న పుస్తకం పాతదైనా నేను దాన్నే పైన పెడతాను.

తెలుగులో చదవాలనుకుంటే నండూరి రామమోహనరావు 'విశ్వరూపం', 'నరావతారం' రెండూ ఉన్నాయి. మొదటిది విశ్వం గురించి, రెండోది జీవం పుట్టి మనిషి దాకా ఎలా వచ్చిందన్నది. మార్క్ ట్వేన్‌ను తెలుగు పిల్లలకు ఇచ్చిన చేయి కదా అది, వాక్యం ఎక్కడా తడబడదు. గట్టిగా చదవడానికి ఇంతకన్నా మంచి తెలుగు సైన్సు పుస్తకాలు నాకు దొరకలేదు. లోపం మళ్లీ పాతదనమే, ముఖ్యంగా మానవ పరిణామం విషయంలో డీఎన్ఏ ఆధారాలు వచ్చాక కథ చాలా మారింది. కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసినవి చిన్న చిన్న వ్యాసాలు, ఆయన అణుశాస్త్రవేత్త, సితార్ కళాకారుడు కూడా, సైన్సును సమాజంతో ముడిపెట్టి సూటిగా చెబుతారు. చదివే అలవాటు తప్పినవాళ్లు ఎక్కువమంది ఉంటే రోహిణీప్రసాద్ వ్యాసాలతో మొదలుపెట్టండి, నెలకు మూడు వ్యాసాలు చాలు. అలవాటు ఉన్నవాళ్లయితే 'నరావతారం'.

భాష విషయంలో ఇంకొంచెం చెప్పాలి, చాలా గ్రూపులు ఇక్కడే విడిపోతాయి. అందరూ ఒకే భాషలో ఒకే పుస్తకం చదవాలని పట్టుబడితే సగం మంది బయటే ఉండిపోతారు. మేము ఇంగ్లిష్ పుస్తకం పెట్టుకున్నప్పుడు దానికి జతగా అదే విషయం మీద తెలుగు వ్యాసమో అధ్యాయమో ఒకటి పెట్టుకుంటాం, 'కాస్మోస్'కు 'విశ్వరూపం' జత. కూర్చున్నాక మాట మొత్తం తెలుగులోనే. అప్పుడు పదాల చిక్కు ఒకటి వస్తుంది. పుస్తకం తెలుగులో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే యాటమ్, కానీ బయట అందరం అణుబాంబు అనే అంటాం. కాంతి సంవత్సరం అనగానే సగం మంది అది కాలం అనుకుంటారు, అది దూరం. ఇలాంటివి తగిలినప్పుడల్లా ఒక లాంగ్ నోటుబుక్కులో రాసి పెట్టుకుంటున్నాం, ఇప్పటికి రెండొందల పైన మాటలు చేరాయి. అనువాదాలు కొనేముందు కూడా ఈ రకం మాటలు ఎలా వాడారో ఒక పేజీ చూసుకోండి, ఒకే పదాన్ని ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాస్తే ఆ పుస్తకం చర్చలో చాలా ఇబ్బంది పెడుతుంది.

వైద్యం, శరీరం గురించిన పుస్తకాల్లో రెండింటి మధ్య మాకు గట్టి వాదన జరిగింది. ఒకటి సిద్ధార్థ ముఖర్జీ 'ద ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్', క్యాన్సర్ జీవిత చరిత్ర, 2011లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండోది రెబెకా స్క్లూట్ 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్'. రెండూ 2010లోనే వచ్చాయి. ముఖర్జీ పుస్తకానికి తెలుగువాళ్లకు ఒక ప్రత్యేక కారణం ఉంది, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అందులో కనబడతారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు మొదట ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ఇంకా ముదిరింది, అప్పుడు దానికి అడ్డుపడే మందులు కావాల్సి వచ్చాయి, అవి వచ్చింది లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో సుబ్బారావు బృందం దగ్గర్నుంచి. 1948లో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని ఫార్బర్ ప్రకటించారు, సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. ఈ భాగం చదివిన రోజు డాబా మీద నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. కానీ పుస్తకం చాలా లావు, నెలలో అయ్యేది కాదు. మేము మొదటి భాగం మాత్రమే చదివాం, మిగతాది ఇష్టమున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లారు, నేను అదే సలహా ఇస్తాను.

స్క్లూట్ పుస్తకం మాత్రం మొత్తం చదవండి. 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన పేద నల్లజాతి స్త్రీ హెన్రియెట్టా లాక్స్. ఆమె కణితి నుంచి డాక్టర్లు ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి, హీలా కణాలని పేరు పెట్టారు, పోలియో టీకాను పరీక్షించడం దగ్గర్నుంచి ఎన్నిటికో వాడారు, కుటుంబానికి ఇరవై ఏళ్ల దాకా తెలియనే తెలియదు. ఇందులో కణం అంటే ఏమిటి, కల్చర్ (కణాలను ప్రయోగశాలలో పెంచడం) అంటే ఏమిటి అన్న సైన్సు ఉంది, దానితో పాటే న్యాయం అన్యాయం ఉన్నాయి. రెండేళ్లుగా వస్తూ ఎప్పుడూ మాట్లాడని మా స్టాఫ్ నర్సు ఆ రోజు మాట్లాడింది. ఆపరేషన్‌కు ముందు ఫారం మీద సంతకం పెట్టించుకునేది తనేనని, రాత్రి రెండింటికి పేషెంటు భర్త "ఏడ పెట్టాల మ్మా" అని తప్ప ఇంకేమీ అడగడని, ఆ కాగితంలో ఏముందో చెప్పే టైము తనకూ ఉండదని చెప్పింది. చెప్పి కాసేపు ఆగి, ఇకమీదట రెండు ముక్కలైనా చెబుతానంది. ఒకే పుస్తకం కొనగలిగితే, గ్రూపులో ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నా, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు ఉన్నా, నేను దీన్నే కొనమంటాను.

పర్యావరణానికి రేచల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' ఒక్కటి చాలు, 1962 నాటిదైనా. పురుగుమందులు పక్షులకూ మిగతా జీవాలకూ చేసే హాని గురించిన పుస్తకం అది. మన జిల్లాల్లో మామిడి, టమాటా, వేరుశనగ పండించే రైతు ఒక్కరైనా గ్రూపులో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టిన రోజు తోటలో తేనెటీగ కనబడదని, మళ్లీ అవి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో తాను చూస్తుంటానని మా చంద్రగిరి రైతు చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక జాగ్రత్త, కార్సన్ మందులన్నీ ఆపేయమని రాయలేదు, విచ్చలవిడిగా వాడటం గురించి రాసింది. అమెరికా 1972లో డీడీటీ అనే పురుగుమందును నిషేధించింది, మన దేశంలో దోమల మీద దాని వాడకం ఆ తర్వాత కూడా సాగింది. ఈ తేడా ముందే చెప్పుకోకపోతే చర్చ దారి తప్పుతుంది. ఇది జూన్, జూలైల్లో పెట్టుకోవద్దు, మామిడి కోతల్లో రైతు రాడు.

మనిషి చరిత్రకు యువాల్ నోవా హరారీ 'సేపియన్స్' అందరూ అడుగుతారు, తెలుగులో కూడా దొరుకుతుంది. చదివించే గుణం దానికి చాలా ఉంది, ఒప్పుకుంటాను. గ్రూపులో మాత్రం అది పెట్టాక రెండో నెలకే సైన్సు పోయి ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పుకోవడం మిగిలింది, ఎందుకంటే అందులో పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి, ఆ మాటకు ఆధారం ఏమిటో అక్కడికక్కడ చూపించేది తక్కువ. టోనీ జోసెఫ్ 'ఎర్లీ ఇండియన్స్' దీనికి భిన్నంగా, మన ఉపఖండంలోకి మనుషులు ఎప్పుడెప్పుడు వచ్చారో డీఎన్ఏ, పురావస్తు, భాషా ఆధారాలు ఒక్కొక్కటే ముందు పెట్టి చెబుతుంది. 2018లో వచ్చింది, హర్యానాలో సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం డీఎన్ఏ పరిశోధనా పత్రం 2019లో అచ్చయింది, దాన్ని కూడా కలిపి చదువుకోండి. ఇది చదివేటప్పుడు కులం, భాష, ఎవరు ముందు ఎవరు వెనక అన్న మాటలు తప్పకుండా వస్తాయి, గొంతులు లేస్తాయి. మా దగ్గర ఒకే నియమం, ఎవరేమన్నా "అది ఏ పేజీలో ఉంది?" అని అడగొచ్చు, పేజీ చూపించలేకపోతే ఆ మాట పక్కన పెట్టాలి. బాగా పనిచేసింది. కానీ గ్రూపు మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లో దీని జోలికి వెళ్లకండి, ఒకరినొకరు ఎరిగాక పెట్టుకోండి.

మన ప్రాంతం వాళ్లకు దగ్గరుండి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ప్రణయ్ లాల్ 'ఇండికా', 2016లో వచ్చింది, ఉపఖండం భూగర్భ చరిత్ర, జీవ చరిత్ర. బరువైన పుస్తకం, ఖరీదు కూడా ఎక్కువే, బొమ్మలు బాగుంటాయి. వేరే ఊళ్లో అయితే నేను దీన్ని గ్రూపుకు చెప్పేవాణ్ణి కాదేమో. తిరుపతిలో మాత్రం తలెత్తితే కొండ ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో కింద వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్, ఆ రెండింటి మధ్య పదుల కోట్ల ఏళ్ల కాలం రాయిగా మిగలకుండానే పోయింది. భూగర్భ శాస్త్రంలో దీన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకాల్లో ఒకటి. పైన శిలాతోరణం కూడా అదే క్వార్ట్‌జైట్. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కి దిగామో ఆ కొండ, రెండు అధ్యాయాలు చదివి బస్సెక్కితే కిటికీ వైపు సీటు కోసం మా బ్యాంకు సార్ పిల్లాడిలా పోటీపడ్డారు. చిత్తూరు వాళ్లు కూడా ఒకరోజు పెట్టుకుని రండి, మేము వెంట ఉంటాం.

ఇక డబ్బు, టైము. అందరూ కొనాలని పెట్టుకోకండి, ఇద్దరికి ఒక కాపీ చాలు, ఇచ్చిపుచ్చుకునే వంకన మధ్యలో రెండుసార్లు కలుస్తారు కూడా. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు నెలకు నూట ఇరవై పేజీలకు మించి చదవలేరు, మా అనుభవం ఇదే, కాబట్టి నాలుగొందల పేజీల పుస్తకం అంటే మూడు నెలల పైమాటే, ఆ లెక్కతోనే ఎంచుకోండి. బ్రహ్మోత్సవాల నెలలో మా కండక్టర్ గారికి సెలవే దొరకదు, మార్చిలో లెక్చరర్ మేడమ్‌కు పరీక్షలు, ఆ రెండు నెలలకూ సాక్స్‌లో ఒక కథనమో, రోహిణీప్రసాద్ వ్యాసమో పెట్టుకుంటాం.

చిత్తూరు మిత్రుడికి చివరికి చెప్పింది ఇది. మొదటి నెల సాక్స్‌లో మూడు కథనాలు, ఇంగ్లిష్ రానివాళ్లకు ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి. రెండో నెల నుంచి హెన్రియెట్టా లాక్స్. జనవరికి, మామిడి పూత వేళకు, 'సైలెంట్ స్ప్రింగ్'. ఆ తర్వాత 'కాస్మోస్' మొదటి అధ్యాయం, ఏప్రిల్‌కు అందేట్టుగా. చిత్తూరు తిరుపతికి కొంచెం దక్షిణం కాబట్టి అక్కడ నీడ పడని రోజు మాకంటే ఒకటి రెండు రోజులు ముందే వస్తుంది. వాళ్లు అక్కడ పైపు నిలబెట్టి ఫోన్ చేస్తామన్నారు, ఆ రోజు ఇక్కడ మా డాబా మీద ఎంత నీడ మిగులుతుందో మేము కొలిచి చెప్పాలి.